తాళం వేసిన ఉయ్యాల

"నేను రాను."

వాగుడుకాయ రెండు చేతులతో గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది. చక్రాల కుర్చీ సగం గదిలో, సగం వరండాలో ఇరుక్కుపోయింది. తల్లి వెనక నుంచి తోస్తోంది. అది ముందుకు పోదు, వెనక్కి రాదు.

"చెయ్యి తియ్యి. నలిగిపోతుంది."

"నలగనీ."

"తియ్యమంటున్నానా?"

"రానంటున్నానా?"

తొమ్మిదేళ్ళ పిల్ల. పుట్టినప్పటి నుంచీ కాళ్ళు స్వాధీనంలో లేవు. నడుం నిలబడదు, బెల్టు పెట్టకపోతే కుర్చీలో ఓ పక్కకి వాలిపోతుంది. నోరు మాత్రం దేవుడు ఇద్దరు పిల్లలకి సరిపడా ఇచ్చాడని నాన్నమ్మ అంటుండేది. వాగుడుకాయ అని పేరు పెట్టింది కూడా ఆవిడే. అలాంటి పిల్ల వారం రోజులుగా ఊఁ అంటే ఊఁ, ఉహూఁ అంటే ఉహూఁ. పెడితే తింటోంది, పడుకోబెడితే పడుకుంటోంది. ఇంట్లో ఎప్పుడూ మోగే రేడియో చెడిపోయినట్టుంది.

తల్లికి ఇది బొత్తిగా మింగుడుపడడం లేదు. ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరిగి, కనిపించిన ప్రతి అధికారితోనూ పోట్లాడి, మొగుడి చేత చేయించి పార్కులో ఆ ఉయ్యాల పెట్టించింది. మామూలు ఉయ్యాల కాదు. ఏటవాలు దారి మీదుగా కుర్చీని తోసుకుంటూ ఎక్కించేయొచ్చు. కింద వెడల్పాటి ఇనుప పలక, చక్రాలు కదలకుండా కొక్కేలు, చుట్టూ కడ్డీ. కుర్చీలో కూర్చున్న పిల్ల కుర్చీతో సహా గాల్లోకి లేస్తుంది. మొదటి రోజు వాగుడుకాయ వేసిన కేక పార్కు అవతలి రోడ్డు దాకా వినిపించింది. తర్వాత మరో రెండు సార్లు ఊగింది. అంతే, ఆ పేరెత్తితే ఒట్టు.

"ఈ సాయంత్రం డ్రిల్లు మాస్టారు వస్తారే తల్లీ. నువ్వు ఊగుతుండడం ఆయన కళ్ళతో చూడాలి. లేకపోతే విప్పించేస్తారు. అర్థమవుతోందా? ముందు ఇప్పుడొకసారి వెళ్దాం. అలవాటవుతుంది."

"విప్పించెయ్యనీ."

తల్లి చేతులు కుర్చీ మీద నుంచి జారిపోయాయి.

డ్రిల్లు మాస్టారు అంటే కాలనీ సంఘం ప్రెసిడెంటు. బడి నుంచి రిటైరై ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు గానీ మెడలో విజిల్ మాత్రం తీయడు. ఆమె పని చేసే పళ్ళ క్లినిక్కుకి నిన్న పనిగట్టుకుని వచ్చాడు. "నీ ఉయ్యాల తాళం వేసుకుని కూర్చుందమ్మా. ఎక్కే నాథుడు లేడు. జనం నన్ను పీక్కు తింటున్నారు. రేపు నేనే వచ్చి చూస్తా. పాప ఊగుతుంటే సరే, లేదంటే విప్పేసి గోదాములో పడేయిస్తా" అన్నాడు. చెడ్డవాడు కాడు. కాకపోతే ఎవరు చివర అరిస్తే వాళ్ళ మాట వినే రకం.

"ఎందుకమ్మాయ్ దాన్ని అలా కాల్చుకు తింటావు?" వరండాలో బట్టలు మడత పెడుతున్న నాన్నమ్మ అంది.

"మీరు ఊరుకోండి అత్తయ్యా."

"ఊరుకోక ఏం చేస్తున్నాను? ఈ ఇంట్లో నేను చేసే పనే అది. రానంటోందిగా, వదిలెయ్యి."

"ఎవరో ఏదో అని ఉంటారు. వెక్కిరించి ఉంటారు. ఎవరే? ఆ మేడమీద వాళ్ళ పిల్లలా? చెప్పు, వాళ్ళ సంగతి నేను చూస్తాను."

వాగుడుకాయ తల అడ్డంగా ఊపింది.

"మరి ఎవరు?"

"ఎవరూ ఏమీ అనలేదమ్మా."

"అనకపోతే ఈ మూతి ముడవడమేమిటి?"

పిల్ల నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది. తర్వాత గుమ్మం చెక్క కేసి చూస్తూ, "ఎవ్వరూ ఏమీ అనడం లేదు" అంది, మళ్ళీ అదే మాట.

నాన్నమ్మ మడత పెడుతున్న గౌను ఒళ్ళో పెట్టుకుంది. "పక్కింటి రిబ్బన్ల పిల్ల మనింటికి వచ్చి ఎన్నాళ్ళయిందో చూసుకున్నావా?" అని అడిగింది కోడల్ని.

"దానికి పరీక్షలేమో."

"పరీక్షలూ లేవు, పాడూ లేవు. బడి నుంచి రాగానే సంచీ అయినా దింపకుండా ఇక్కడికి పరిగెత్తుకొచ్చేది. ఇద్దరూ నా ప్రాణం తీసేవాళ్ళు. ఇప్పుడు మన గుమ్మం ముందు నుంచి తల తిప్పుకుని పోతోంది. నువ్వు పొద్దున్న వెళ్తే సాయంత్రం వస్తావు, నీకెలా తెలుస్తుంది? ఇది ఆ కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంటోంది. ఆ పిల్ల పోయేదాకా చూస్తుంది. పోయాక, లోపలికి తొయ్యి నాన్నమ్మా అంటుంది. అంతే."

"నాన్నమ్మా!" అని అరిచింది వాగుడుకాయ. ముఖం ఎర్రబడింది. గుమ్మం వదిలేసి, చక్రాలు తనే తిప్పుకుంటూ గదిలోకి వెళ్ళిపోయింది.

తల్లి అలాగే నిలబడింది. ఎంతమందితో పోట్లాడిందో ఆమెకి లెక్క లేదు. పక్కింటి పిల్ల రాకపోతే ఎవరితో పోట్లాడాలో మాత్రం తెలియలేదు.

"మీ అబ్బాయి, వెల్డరు దొర ఏరి?" అని అడిగింది కాసేపటికి.

"ఆదివారం కదా, షాపులోనే ఉంటాడు. మనుషులు ఇంట్లో ఉండే రోజు వాడు ఇంట్లో ఉండడుగా" అంది వాడిని కన్న తల్లి.

*

వీధి చివర వెల్డింగ్ షాపు. షట్టరు సగం దించి ఉంది. లోపల గ్రైండరు రొద. ఆమె వంగి లోపలికి వెళ్ళింది.

మొగుడు కిటికీ ఊచలు సాన పెడుతున్నాడు. ఇనుము పారేయడమంటే ఆయనకి ప్రాణం మీదికొస్తుంది. వాళ్ళింట్లో మంచం ఒకప్పుడు ఎవరిదో గేటు. స్నానాల గదిలో పిల్ల పట్టుకునే కడ్డీ ఓ సైకిలు చట్రం. స్టూలు కాళ్ళు ఏమిటో ఆమె ఇంతవరకూ అడగలేదు.

"మీ అమ్మాయి రానంటోంది" అంది గట్టిగా.

ఆయన తల ఊపాడు. గ్రైండరు ఆపలేదు.

"మీతోనే! సాయంత్రం మాస్టారు వస్తారు. అది మీ మాటయితే వింటుంది. వచ్చి చెప్పండి."

మళ్ళీ తల ఊపాడు. ఆమె వెళ్ళి గోడకున్న ప్లగ్గు పీకేసింది.

"నేను చెప్తే మాత్రం వస్తుందా" అన్నాడు మెల్లగా.

ప్లగ్గు పక్కన గోడకి రేకులు ఆనించి ఉన్నాయి. వాటి వెనక ఏదో నల్లగా వేలాడుతోంది. ఆమె ఓ రేకు పక్కకి జరిపింది. రబ్బరు సీట్లు. గొలుసులు. పార్కులో పాత ఉయ్యాలలు రెండూ.

కొత్త ఉయ్యాలకి చోటు చాలక వాటిని తీసేశారని ఆమెకి తెలుసు. అవతలి ఖాళీ స్థలంలో మళ్ళీ పెడతామని మాస్టారు అన్నాడు. ఆమె నమ్మింది. నిజం చెప్పాలంటే నమ్మడమే సుఖంగా ఉండి నమ్మింది. పార్కులో ఉన్న మూడు మామూలు ఉయ్యాలల్లో ఒక్కటే మిగిలింది, కాలనీ పిల్లలంతా దాని ముందు లైను కడుతున్నారు. అది చూసినప్పుడల్లా, కొన్నాళ్ళు ఓపిక పట్టలేరా, మా పిల్ల తొమ్మిదేళ్ళు పట్టింది అనుకునేది.

"ఇవి ఇంకా ఇక్కడే ఉన్నాయేం? అక్కడ ఎప్పుడు నిలబెడతారు?"

ఆయన చేతి గుడ్డతో అక్కర్లేకపోయినా చేతులు తుడుచుకున్నాడు.

"మిమ్మల్నే."

"నిలబెట్టడానికి పైపులేవీ?"

"అదేమిటి? వీటి పైపులు ఏమయ్యాయి?"

ఆయన చూపు గ్రైండరు మీదికి తిప్పుకున్నాడు. చెప్పనక్కర్లేకపోయింది. పదేళ్ళకి పైగా ఆ ముక్తసరి మాటల మనిషితో కాపురం చేసిన ఆడది, ముఖం చూసి చదువుకోగలదు.

"కోసేశారా?"

"కొత్త పైపు రావడానికి నెలలు పడుతుందన్నారు. నువ్వు రోజూ, ఎప్పుడండీ, ఎప్పుడండీ అని..."

"నా మీద పెట్టకండి!"

"పెట్టడం లేదు. ఆ పైపు చూశాను. అంత మందం పైపు ఇప్పుడెవడూ వాడడం లేదు. మాస్టారేమో పాత సామాను తీసుకుపొమ్మన్నారు. మన పిల్ల బరువు, కుర్చీ బరువు, పైన ఊపు... ఆ పైపైతే నాకు ధైర్యంగా ఉంటుందనిపించింది. కోశాను. అతికాను. పైన పసుపు రంగు వేశాను."

"పక్కవాళ్ళ పిల్లల ఉయ్యాలలు కోసి మన పిల్లకి చేశారు."

"ఇనుము ఇనుమే కదా అనుకున్నాను."

"ఇనుము ఇనుమేనట! నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెప్తే వద్దనేదానివా?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం ఆమెకి అలవాటు.

"ఆఫీసుకి నేను, ఆస్పత్రికి నేను, సంఘానికి నేను! అందరి చేతా గయ్యాళి అనిపించుకున్నది నేను! మీరు ఇక్కడ షట్టరు దించుకుని ఇనుముతో కాపురం చేస్తూ కూర్చోండి!"

"నువ్వు ఏది అడిగితే అది చేశాను" అన్నాడు ఆయన. గొంతు పెరగలేదు. "కాలనీలో పెద్ద కుర్రాళ్ళు నలుగురు ఆ కొత్త ఉయ్యాల ఎక్కి గెంతితే కీలు వంగింది. కంచె కట్టమన్నావు, రాత్రికి రాత్రి కట్టాను. తాళం అన్నావు, వేశాను. బోర్డు అన్నావు. 'ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు మాత్రమే, ఇతరులు ఎక్కరాదు' అని నువ్వు చెప్తుంటే నేనే రాశాను. ఈ కాలనీలో అలాంటి పిల్ల ఎవరే? మనదొక్కతే కదా. రాస్తున్నప్పుడు తెలుస్తూనే ఉంది నాకు."

"తెలిస్తే చెప్పాలి కదా!"

"చెప్తే వినేదానివా?"

బయట ఎవరో స్కూటరు ఆపి, షట్టరు సగం దించి ఉండడం చూసి వెళ్ళిపోయారు.

"మొన్న అడిగింది" అన్నాడు ఆయన చివరికి. "నాన్నా, ఈ పసుపు కింద నీలం రంగెందుకుంది అని. స్తంభం మీద దాని కళ్ళకి ఎదురుగా కాస్త రంగు లేచిపోయింది."

"ఏం చెప్పారు?"

"మళ్ళీ రంగు వేస్తాలే అన్నాను."

ఆమె ఇనుప ముక్కల మధ్య ఓ డబ్బా మీద కూలబడింది. పక్కనే కూర్చోవచ్చు ఆయన. చోటుంది. నిలబడే ఉన్నాడు.

*

సాయంత్రం తల్లి దుస్తులు మార్చుకుని కుర్చీ దగ్గరికి వచ్చేసరికి వాగుడుకాయ తనే బెల్టు పెట్టేసుకుని ఉంది.

"మాస్టారు తప్పకుండా వస్తారా?" అని అడిగింది.

"వస్తారు."

"అయితే వెళ్దాం."

తల్లికి ప్రాణం లేచొచ్చింది. పిల్లకి జడ వేసింది, ముఖం తుడిచింది, ముద్దు పెట్టుకుంది. ఎందుకు మనసు మారిందని అడగలేదు. అడిగితే మళ్ళీ మారుతుందేమోనని భయం. నాన్నమ్మ గుమ్మం దాకా వచ్చి, ఏదో అనబోయి, "చల్లగాలి తగులుతుంది, చెవులకి ఏదైనా కట్టు" అని మాత్రం అంది.

పార్కులో ఆదివారం సందడి. మిగిలిన ఆ ఒక్క ఉయ్యాల ముందు పిల్లల లైను కంచె మూల దాకా పాకింది. "ఒక్కొక్కరికి ఇరవై ఊపులే!" అని ఎవరో లెక్క పెడుతున్నారు. కుర్చీ చక్రాల చప్పుడు వినగానే లెక్క ఆగిపోయింది. ఎవరూ వెక్కిరించలేదు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ పలకరించలేదు కూడా. లైను మధ్యలో రిబ్బన్ల పిల్ల ఉంది. రెండు జడలకి రెండు ఎర్ర రిబ్బన్లు. కుర్చీ పక్క నుంచి పోతున్నంతసేపూ తన చెప్పు కేసి చూసుకుంది.

ఎవ్వరూ ఏమీ అనడం లేదు అని పొద్దున పిల్ల రెండుసార్లు ఎందుకందో తల్లికి అప్పుడు తెలిసింది.

తాళం తీసింది. కుర్చీని ఏటవాలు దారి మీదుగా పలక మీదికి ఎక్కించింది. కొక్కేలు బిగించింది. బయటికి వచ్చి, అలవాటు చొప్పున గేటు మూసి తాళం వేసింది. ఆ తర్వాత తన చేతిలోని తాళంచెవిని చూసుకుంది.

వెల్డరు ఎప్పుడొచ్చాడో, కంచె అవతల నిలబడి ఉన్నాడు.

డ్రిల్లు మాస్టారు విజిల్ చేత్తో పట్టుకుని వచ్చాడు. "ఏం పాపా! రెడీయేనా? కానీ, చూద్దాం. వన్, టూ..."

"ఎవరూ తొయ్యొద్దు" అంది వాగుడుకాయ. తర్వాత మాస్టారి వైపు తిరిగింది. బడిలో పాఠం అప్పజెప్పినట్టు స్పష్టంగా చెప్పింది.

"మాస్టారూ, ఇది తీసేయండి. వాళ్ళ ఉయ్యాలలు వాళ్ళకి పెట్టేయండి."

"ఏమే?" అంది తల్లి.

"ఇది వాళ్ళదే అమ్మా. ఇదిగో చూడు, ఇక్కడ." పిల్ల చెయ్యి చాచి స్తంభం మీద రంగు లేచిన చోట వేలు పెట్టింది. "కింద నీలం ఉంది. దీని మీద మన రిబ్బన్ల పిల్ల మేకుతో బొమ్మ గీసుకుంది. రెండు జడల బొమ్మ. గీస్తున్నప్పుడు నేను ఆ బెంచీ దగ్గరే ఉన్నాను. ఎలా ఉందే అని నన్నడిగింది కూడా. ఇప్పుడు బొమ్మకి ఒక్క జడే ఉంది. రెండోది నాన్న కోసేశాడు."

లైనులో పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ కంచె దగ్గరికి వచ్చారు. రిబ్బన్ల పిల్ల మాత్రం తన చోటు వదల్లేదు.

"మరి నువ్వెక్కడ ఊగుతావు తల్లీ?" అన్నాడు మాస్టారు.

"నేను ఊగను. చూస్తాను. ఇదివరకు చూసేదాన్నిగా. అప్పుడు దాని వంతు అయిపోగానే నా దగ్గరికి వచ్చి, ఎలా ఉందో చెప్పేది. పైకి వెళ్ళినప్పుడు కడుపులో ఎలా అవుతుందో, కిందికి వచ్చినప్పుడు ఎలా అవుతుందో. ఇప్పుడు నాకూ తెలుసు. కానీ ఎవరికి చెప్పను?"

తల్లి కంచె పట్టుకుంది. ఇన్నాళ్ళు తను ఎవరెవరి కాళ్ళావేళ్ళా పడిందో, ఎన్ని మాటలు పడిందో అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

మాస్టారి ముఖంలో మాత్రం బరువు దిగిన సంతోషం. "బంగారు తల్లివి! పెద్దవాళ్ళకి రాని బుద్ధి నీకొచ్చింది. ఇంకేం మరి? ఏమయ్యా, రేపే ఇది విప్పేసి ఆ రెండూ నిలబెట్టు."

"కుదరదు మాస్టారూ" అన్నాడు వెల్డరు.

"ఎందుకు కుదరదు?"

"ఆ పైపులే ఇవి. కోసి అతికేశాను. ఇప్పుడు దీన్ని విప్పితే ఇదీ ఉండదు, అవీ రావు."

పిల్లలకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అయితే మన ఉయ్యాలలు ఇంక రావా?" అని ఒకడు పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడు పెదవి విరిచాడు.

వాగుడుకాయ తండ్రి వైపు చూసింది. వారం రోజులు లోపల్లోపల కూడగట్టుకుని తెచ్చిన మాట అది. తన దగ్గర ఇవ్వడానికి ఉన్నది అదొక్కటే. అదీ ఇవ్వడానికి లేదని తెలిసింది. నోరు మూసుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"సంఘానికి చెప్పకుండా ఎలా కోస్తావయ్యా!" అని మాస్టారు కస్సుమన్నాడు.

"పాత సామాను తీసుకుపొమ్మన్నది మీరే కదా మాస్టారూ."

"తీసుకుపొమ్మన్నాను గానీ... నేనన్నది... సరే, సంఘంలో మాట్లాడదాం. అందరి ముందూ మాట్లాడదాం." విజిల్ నోటి దాకా తీసుకెళ్ళి, ఊదకుండా దించేశాడు. ఎవరికి ఊదాలో ఆయనకీ తోచలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, వచ్చినంత చురుగ్గా కాకుండా వెళ్ళిపోయాడు.

తల్లి గేటు దగ్గరికి నడిచింది. తాళం తీసింది. గేటు బార్లా తెరిచి, వెనక్కి పోకుండా రాయి అడ్డం పెట్టింది. క్లినిక్కులో పొద్దస్తమానం టోకెన్లు ఇచ్చి, పేరు పేరునా పిలిచి పంపే మనిషి ఆమె. రోగులు చాటున ఆమెని టోకెనమ్మ అంటారు. ఆమె పిలిస్తే లేవని మనిషి ఉండడు.

"రండర్రా" అంది పిల్లలతో. "వచ్చి ఎక్కండి. పలక మీద చోటుంది. కడ్డీ పట్టుకుని నిలబడండి. ఇద్దరిద్దరుగా రండి."

ఎవరూ కదల్లేదు.

"రమ్మంటున్నానా? ఏమీ అనను."

"ఇతరులు ఎక్కరాదు అని ఉందిగా ఆంటీ" అన్నాడు ఒక బక్క కుర్రాడు, బోర్డు చూపిస్తూ. వెటకారం లేదు వాడి గొంతులో. ఉన్నది ఉన్నట్టు చదివాడంతే.

వెల్డరు జేబులోంచి స్పానరు తీసి బోర్డు దగ్గరికి వెళ్ళాడు. తను బిగించిన నట్లే. ఊడిరావడానికి మొరాయించాయి. ఆయన విప్పుతున్నంతసేపూ అందరూ చూస్తూ నిలబడ్డారు. బోర్డు ఊడి వచ్చింది. ఆయన దాన్ని ముఖం కిందికి పెట్టి గడ్డి మీద పడుకోబెట్టాడు. అయినా ఎవరూ రాలేదు. కొద్దిసేపటికి ఒకరి తర్వాత ఒకరు మళ్ళీ వెళ్ళి లైనులో నిలబడ్డారు. "ఆగిన దగ్గర్నుంచి లెక్క పెట్టు, పన్నెండు, పదమూడు..." అని వినిపించింది.

గేటు తెరిచి ఉంది. లోపల పలక మీద పిల్ల ఒక్కతే ఉంది. తాళం ఉన్నప్పటి కన్నా ఇప్పుడే ఎక్కువ ఒంటరిగా కనిపించింది తల్లికి.

"ఇంటికి పోదామా?" అంది మొగుడితో. ఇద్దరి మధ్యా పొద్దుటి నుంచీ నడిచిన మొదటి మామూలు మాట అది.

"కాసేపు ఉందాం" అన్నాడు ఆయన.

అప్పుడు వచ్చింది రిబ్బన్ల పిల్ల. లైను వదిలేసి, కంచె పక్కగా, ఎవరూ చూడకూడదన్నట్టు నడిచి వచ్చింది. ఒక కాలు గేటు లోపల పెట్టి ఆగింది.

"ఆంటీ, నేను రావచ్చా?"

తల్లి నోటి దాకా వచ్చిన రమ్మనే మాట ఆపుకుంది. "నన్ను కాదమ్మా. దాన్ని అడుగు."

రిబ్బన్ల పిల్ల అడగలేదు. వాగుడుకాయే అడిగింది.

"నిన్ను ఎవరైనా పంపారా?"

"లేదు."

"మరి ఇన్నాళ్ళూ రాలేదేం?"

"తాళం ఉందిగా."

"మా ఇంటికి తాళం లేదుగా."

రిబ్బన్ల పిల్ల పెదవి కొరుక్కుంది. స్తంభం మీద, పసుపు రంగు లేచిన చోట, తను గీసిన ఒంటిజడ బొమ్మ కేసి చూసింది.

లైనులోంచి కేక వినిపించింది. "ఒసేయ్ రిబ్బన్లూ! నీ వంతొచ్చింది! రాకపోతే మళ్ళీ చివరికే!"

రిబ్బన్ల పిల్ల వెనక్కి తిరిగి చూసింది. ఖాళీ ఉయ్యాల ఆమె కోసం ఊగుతోంది. వెనకున్నవాడు అప్పుడే గొలుసు మీద చెయ్యి వేశాడు.

"వెళ్ళు" అంది వాగుడుకాయ. గొంతు చాలా మామూలుగా ఉంది. "వంతు పోతుంది."

తల్లి గేటు పట్టుకుని నిలబడింది. పిలవలేదు, ఆపలేదు. రిబ్బన్ల పిల్ల ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉంచి అలాగే ఉండిపోయింది. వెనక నుంచి కేకలు ఎక్కువయ్యాయి.

"వెళ్ళవే" అంది వాగుడుకాయ మళ్ళీ, ఈసారి కళ్ళు గట్టిగా మూసుకుని.